దేవుడి దగ్గర పెట్టిన మీటరు

మా అప్పకి తెలుగు చదవడం రాదు. ఆ ధైర్యంతోనే ఇది రాస్తున్నాను. ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా ఆమె చదివింది హిందీ బడిలో, సరుకుల చీటీ రాసేది బెంగాలీలో. మా నాన్న ఓడల డాక్‌లో పని దిగి వచ్చి, స్నానం చేసి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని అక్షరాలు దిద్దించాడు. ఆడపిల్లకి ఎందుకన్నాడు. ఆ అన్యాయం ఇన్నేళ్ళకి నాకిలా పనికొచ్చింది. సిగ్గుగానే ఉంది.

అప్ప అంటే అక్క. శ్రీకాకుళం వైపు వాళ్ళం అలాగే పిలుస్తాం. తాతయ్య ఓడల్లో మూటలు మొయ్యడానికి కలకత్తా వచ్చాడు. అప్పటినుంచి మా వాళ్ళంతా వాట్‌గంజ్‌లోనే. అప్ప మొగుడు, అంటే మా బావ, కరెంటు పనిలో నాకు గురువు. ఆయన కుడిచెయ్యి పోవడానికి కారణం నేను. కంపెనీ కాగితాల్లో మాత్రం ఆయనే కారణమని ఉంది. మా అప్పకి తెలిసిందీ అదే. ఆమెకి నిజం చెప్పాలా, వద్దా? రెండేళ్ళుగా నాకు వేరే ఆలోచన లేదు.

మేమిద్దరం పని చేసింది కలకత్తా శివారు న్యూ టౌన్‌లో ఒక డేటా సెంటర్‌లో. కంప్యూటర్లని నిలువెత్తు ఇనుప బీరువాల్లో పేర్చి, పగలూ రాత్రీ చల్లగాలి కొట్టి కాపాడే కట్టడం అది. ఆ బీరువాని ర్యాక్ అంటారు. ప్రతి ర్యాక్ వెనకా నిలువుగా రెండు పొడవాటి ప్లగ్గుల పట్టీలు బిగిస్తాం. ఒకటి ఏ లైను, ఒకటి బీ లైను. ఒకటి పోతే రెండోది ఆదుకుంటుంది. ఇవి మన ఇళ్ళల్లో వాడే పట్టీల్లాంటివి కావు. వీటికి నెట్‌వర్క్ తీగ తగిలిస్తే ఎక్కడో కూర్చున్నవాడు తెర మీద చూస్తూ ఒక్కో ప్లగ్గునీ ఆపగలడు, వెయ్యగలడు, ఎంత కరెంటు లాగుతోందో చూడగలడు. ర్యాక్ దగ్గరికి మనిషి వెళ్ళక్కర్లేదు. కొనేవాళ్ళు అందుకే కొంటారు. నాకు కూడా అప్పట్లో అదే గొప్పగా కనిపించేది.

బావ అంతకుముందు డాక్ వర్క్‌షాపులో క్రేన్ల మోటార్లు బాగుచేసేవాడు. ఆ పని మూతపడ్డాక ఇటు వచ్చాడు, నన్నూ లాక్కొచ్చాడు. ఆయన పద్ధతి చూస్తే తల ప్రాణం తోకకొచ్చేది. వానాకాలంలో కలకత్తా గాలిని పిండితే నీళ్ళొస్తాయి. లారీలోంచి దించిన పెట్టెని చల్లటి హాల్లోకి తెచ్చి వెంటనే విప్పితే లోపలి లోహం చెమరుస్తుంది. అందుకని బావ విప్పనిచ్చేవాడు కాదు. గంటకోసారి పెట్టె మీద చెయ్యి వేసి, "ఇంకా ఒల్లు కాల్తంది, ఉండనీ" అనేవాడు, జ్వరమొచ్చిన పిల్లాడి సంగతి చెప్పినట్టు. మేం నలుగురం చేతులు కట్టుకుని కూర్చునేవాళ్ళం.

విప్పాక కూడా తొందర లేదు. ఇద్దరు పట్టుకుని పట్టీని ర్యాక్ వెనక గాడిలో దింపాలి. గుండీలు టక్కుమని పడ్డాయో లేదో లాగి చూడాలి. అన్నిటికన్నా ముందు పచ్చ తీగ, అంటే భూమి తీగ, ర్యాక్ ఒంటికి మరతో బిగించాలి. "పచ్చది ముందెక్కాల, ఆకర్న దిగాల" అని రోజూ చెప్పేవాడు, మాకేదో తెలియనట్టు. తర్వాత పట్టీ తోక, అంటే దాని కరెంటు తీగ, తీసుకెళ్ళి నేల పలకల కింద ఉన్న నీలం సాకెట్లో పెట్టాలి. అప్పుడు కరెంటు, ఆ తర్వాత నెట్‌వర్క్ తీగ. అక్కడితో ఆయన పని అయిపోయి నా పని మొదలయ్యేది. నేను లాప్‌టాప్‌తో ఒక్కో పట్టీలోకి వెళ్ళి, ఫ్యాక్టరీ ఇచ్చిన పాస్‌వర్డ్ మార్చి, దానికో చిరునామా ఇచ్చి, పేరు పెట్టి, ఎంత లోడు దాటితే గంట కొట్టాలో చెప్పేవాణ్ణి. కుర్చీలో కూర్చుని చేసే పని కనక నేను బావ కంటే ఒక మెట్టు పైనున్నానని లోపల అనుకునేవాణ్ణి. ఇది ఎప్పుడూ ఎవరితోనూ అనలేదు. ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

ఇంక మీటరు, అంటే తీగలో కరెంటుందో లేదో చూపే చేతి పరికరం. ఏ తీగ ముట్టుకోవాలన్నా బావ ముందు మీటరుని కరెంటున్న సాకెట్లో పెట్టి చూసేవాడు. తర్వాత కరెంటు లేదన్న తీగ మీద పెట్టేవాడు. మళ్ళీ మొదటి సాకెట్లో పెట్టేవాడు. "దానికి హారతి ఇస్తున్నావేటి బావా?" అని నేను ఏడిపించేవాణ్ణి. "మీటరు సచ్చిపోయినా సున్నానే సూపెడతాదిరా" అనేవాడు, కోపం లేకుండా. ఇరవై ఏళ్ళలో ఆయన ఆ మూడు సార్లలో ఒక్కసారి తగ్గించగా నేను చూడలేదు. ఒక్క రోజు తప్ప.

ఆ ఏడాది మాకు పన్నెండు ర్యాక్‌ల కొత్త వరస అప్పగించారు. అన్నీ ఖాళీవి. విశ్వకర్మ పూజ అయిన మర్నాడు కస్టమర్ తన కంప్యూటర్లు తెచ్చుకుంటాడు, ఈలోపల కరెంటు సిద్ధంగా ఉండాలి. వరస చివర గోడకి ఒక పెద్ద కరెంటు పెట్టె. అందులో ఒక్కో లైనుకి ఒక్కో మీట, దాని కింద చీటీ: ఒకటి ఏ, ఒకటి బీ, అలా పన్నెండు వరకూ. ఆ చీటీలు మాకంటే ముందు ఎవరో అంటించి వెళ్ళారు.

ఇరవైనాలుగు పట్టీలకి పేర్లు పెట్టాలి. సరైన పద్ధతి ఏమిటంటే, ప్రతి ర్యాక్ వెనక తలుపు తాళం తీసి, వంగి, పట్టీ ఒంటి మీద అచ్చు వేసిన నంబరు చదివి, తెర మీద అదే నంబరు ఎక్కడుందో వెతికి, దానికి ఆ ర్యాక్ పేరు పెట్టడం. మోకాళ్ళ మీద చేసే పని. నేనేం చేశానంటే, గోడ పెట్టె పక్కన కుర్చీ వేసుకుని, లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని, ఒక్కో మీట దించి చూశాను. తెర మీద ఏ పట్టీ మాయమైతే దానికి ఆ మీట కింద చీటీలో ఉన్న పేరు పెట్టేశాను. అరగంటలో అయిపోయింది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

గోడ పెట్టెలో రెండు చీటీలు తారుమారుగా ఉన్నాయి. ఏడు ఏ అని ఉన్న మీట నిజానికి ఎనిమిదో ర్యాక్‌ది, ఎనిమిది ఏ అని ఉన్నది ఏడోదానిది. ఆ అబద్ధం అలాగే నా తెర మీదికి వచ్చేసింది. అప్పటినుంచి గోడా, తెరా ఒకే మాట చెప్పాయి. ఇద్దరు సాక్షులు ఉన్నారని మేం అనుకున్నాం. ఒకడు రెండోవాడి దగ్గర విని చెబుతున్నాడని నాకు తట్టలేదు.

"ఎనక నంబర్లు సూసినావా?" అని బావ అడిగాడు.

"సూసినాను" అన్నాను.

ఎందుకు అలా అన్నానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. బద్ధకం ఒకటి. అది కాక, ఆయన అలా ప్రతిదీ అడగడం నాకు నచ్చేది కాదు. నా పని నాకు తెలియదా అనిపించేది.

విశ్వకర్మ పూజ గురించి కలకత్తా వాళ్ళకి చెప్పక్కర్లేదు. రిక్షా స్టాండు మొదలుకుని పెద్ద కార్ఖానా దాకా పనిముట్టు ఉన్న ప్రతిచోటా ఏనుగు మీద కూర్చున్న ఆ దేవుడు వస్తాడు. ముందురోజే పనిముట్లు కడిగి, తుడిచి, సిందూరం పెట్టి ఆయన ముందు పేరుస్తారు. ఒకసారి పెట్టాక మర్నాడు పూజ పువ్వు అందేదాకా ఎత్తకూడదు. చాలామంది దీన్ని ఏదో ఆచారంగా పాటిస్తారు. డాక్ ఇళ్ళల్లో మాకది భయం. మా నాన్న ఓడల మీద సరుకులెత్తే వించి నడిపేవాడు. దేవుడి దగ్గర పెట్టిన పనిముట్టు ఎత్తితే గ్యాంగులో ఒకడి మీదికొస్తుందని ఆయన నమ్మకం. చిన్నప్పుడు ఇంట్లో ఒక స్పానరు నేనలా ఎత్తితే వీపు చిట్లిపోయేలా కొట్టాడు. జీవితంలో ఆయన నన్ను కొట్టింది ఆ ఒక్కసారే. బావకి కూడా ఆ భయమే, ఆయన తండ్రీ అదే గ్యాంగు.

ఆ ఏడాది సైటులో పూజ పని నాకు అప్పజెప్పారు. హాల్లో అగరుబత్తి వెలిగిస్తే పొగ పసిగట్టే యంత్రాలు గోల చేస్తాయి కనక విగ్రహాన్ని బయట స్టోర్ రూం ముందు వరండాలో పెట్టాం. పూజ ముందురోజు మధ్యాహ్నం నుంచే బుట్ట పట్టుకుని తిరిగి అందరి పనిముట్లూ పోగుచేశాను. స్పానర్లు, డ్రిల్లు, తీగలు నొక్కే ప్లయర్లు, మూడు మీటర్లు. బావ మీటరుని స్పిరిట్ గుడ్డతో మరీ శ్రద్ధగా తుడిచి, సిందూరం బొట్టు పెట్టి, దేవుడి కుడిపాదం దగ్గర పెట్టాను. గురువుగారి పనిముట్టు కదా. అంత భక్తి నాకు.

మూడింటికి బావ వచ్చాడు. ఏడో ర్యాక్ ఏ లైను రీడింగ్ కాస్త ఊగుతోందని, నేల కింద సాకెట్లో మర వదులైనట్టుందని, ఒక్క మర బిగిస్తే అయిపోతుందని చెప్పాడు. ఆయన చొక్కా జేబులో ఒక స్క్రూడ్రైవరు మిగిలింది.

"మీటరేదిరా?" అన్నాడు.

"దేవుడి దగ్గర పెట్టీసేను బావా."

"ఇంకోటి?"

"అన్నీ పెట్టీసేను."

ఆయన వరండా వైపు చూశాడు. ఎంతసేపు చూశాడో నాకు గుర్తుంది. నేను నోరు మూసుకుని ఉంటే ఆయన వెళ్ళి ఎత్తేవాడో, లేక రేపు చూద్దామని వదిలేసేవాడో. నేను నోరు మూసుకోలేదు.

"ఎత్తకూడదు గదా. నువ్వు మీట దించు, నాను తెర మీద సూసి సెప్తాను. ఏడు పోతే కనపడిపోద్ది. దానికేనా ఇంత కరీదెట్టి ఈ పట్టీలు కొన్నారు?" అన్నాను.

"సరే, సూడు" అన్నాడు.

గోడ పెట్టె దగ్గరికి వెళ్ళి ఏడు ఏ మీట దించాడు. నా తెర మీద ఏడు ఏ పచ్చరంగు పోయి బూడిదరంగుకి వచ్చింది. "పోనాది బావా" అన్నాను. ఆయన ఆ మీటకి తాళం వేశాడు. మనిషి పనిలో ఉన్నాడు, వెయ్యవద్దు అన్న బోర్డు తగిలించాడు, దాని మీద తన పేరు రాశాడు. తప్పు మీటకి అంత పద్ధతిగా తాళం వేశాడు. ఏడో ర్యాక్ సాకెట్లో కరెంటు అలాగే ఉంది.

అప్పుడే వరండాలోంచి ఎవరో నన్ను పిలిచారు, దేవుడి చుట్టూ చిన్న బల్బుల తీగ కట్టాలి, కుర్చీ ఎక్కడానికి మనిషి కావాలి అని. లాప్‌టాప్ స్టూలు మీద పెట్టి వెళ్ళాను. లోపల బావ ఏడో ర్యాక్ ముందు నేల పలక ఎత్తి, బోర్లా పడుకుని, సాకెట్లోంచి పట్టీ తోక పీకాడు. ఆ క్షణాన నా తెర మీద ఎనిమిది ఏ కూడా బూడిదరంగుకి వచ్చి ఉంటుంది. ఏడోదాని తోక పీకితే ఎనిమిది పోవడమేమిటి? తెర ముందు ఎవరు కూర్చున్నా ఆగమని అరిచేవాళ్ళు. తెర ముందు ఎవరూ లేరు. నేను ప్లాస్టిక్ కుర్చీ ఎక్కి బల్బులు కడుతున్నాను.

అరుపు వినపడలేదు. నేల పలకల మీద బూట్లు కొట్టుకునే చప్పుడు వినపడింది. పరిగెత్తుకెళ్ళేసరికి బావ భుజం దాకా నేలలో ఉన్నాడు, ఒళ్ళంతా అదురుతోంది. పట్టుకుని లాగబోయాను. లాగితే నేనూ అంటుకుంటానని ఆయనే నేర్పాడు. వెనక్కి తిరిగి గోడ పెట్టె దగ్గరికి ఉరికి మెయిన్ హ్యాండిల్ దించేశాను. వరస మొత్తం చప్పబడిపోయింది. ఆ రోజు నేను సరిగ్గా చేసిన పని అదొక్కటే. మా ఇంట్లో వాళ్ళకి తెలిసింది కూడా అదొక్కటే.

ఆస్పత్రికి తీసుకెళ్తుంటే దారి పొడుగునా మేడల మీద జనం గాలిపటాలు ఎగరేస్తున్నారు. కలకత్తాలో విశ్వకర్మ పూజకి పటాలెగరేస్తారు, పూజ రేపైతే ఇవాళే మొదలుపెట్టేశారు. మెట్రో స్తంభాల పక్కన బస్సు ఆగిపోయి మా బండి కదల్లేదు. కిటికీలోంచి ఎవరో తెగిన పటం కోసం పరుగెత్తడం చూసి వాళ్ళందరి మీదా నాకు ఒళ్ళు మండిపోయింది. వాళ్ళు చేసిన పాపమేమీ లేదు.

ముందు రెండు వేళ్ళు తీసేశారు. మిగతాది నిలబడుతుందన్నారు. వారం గడిచాక నిలబడదన్నారు. మణికట్టు దాకా తీసేశారు.

ఆ పట్టీలు తమ డైరీ తామే రాసుకుంటాయి. ఏ క్షణంలో కరెంటు పోయిందో, ఏ క్షణంలో వచ్చిందో అన్నీ ఉంటాయి. సైటుకి తిరిగి వెళ్ళి తెరిచి చూశాను. ఏడు ఏ పోయింది. రెండు నిమిషాలు కాకముందే ఎనిమిది ఏ పోయింది. కాసేపటికి మొత్తం పోయాయి. డైరీలో మూడే పంక్తులు. ఆ తర్వాత టార్చి తీసుకుని, ర్యాక్‌ల వెనక తలుపులు తెరిచి, మోకాళ్ళ మీద కూర్చుని, పట్టీల నంబర్లు చదివాను. మొదటి రోజే చెయ్యాల్సిన పని. తెర మీద పేర్లు మార్చాను, గోడ పెట్టెలో చీటీలు మార్చాను. అలా వదిలేస్తే ఇంకొకరి ప్రాణం మీదికొస్తుందని నాకు నేను చెప్పుకున్నాను. అది నిజమే. కానీ మార్చేశాక నా తప్పు చూపించడానికి ఏమీ మిగల్లేదు. అదీ నిజమే, ఆ సంగతి మారుస్తున్నప్పుడు నాకు తెలుసు.

విచారణకి వేరే ఊరి నుంచి సేఫ్టీ ఆఫీసరు వచ్చాడు. ఆస్పత్రి మంచం పక్కన కూర్చుని, మీటరుతో చూశావా అని హిందీలో బావని అడిగాడు. నేను మంచానికి ఇవతల నిలబడి ఉన్నాను. "మర్చిపోయాను సాబ్, తప్పు నాదే" అన్నాడు బావ. దేవుడి దగ్గర పెట్టిన సంగతి ఎత్తలేదు. నా పేరు ఎత్తలేదు. ఆఫీసరు నా వైపు తిరిగి, తెర మీద పేర్లు సరిగ్గా ఉన్నాయా అని అడిగాడు. సరిగ్గా ఉన్నాయన్నాను. అప్పటికి సరిగ్గానే ఉన్నాయి.

పనివాడు పరీక్షించకుండా తీగ ముట్టుకోవడమే కారణమని రాశారు. బావ కుడిచేత్తో సంతకం పెట్టలేడు కనక ఎడమచేతి బొటనవేలితో ముద్ర వేయించుకున్నారు. నెల తిరక్కుండా ఆయన్ని పనిలోంచి తీసేశారు. ఆయన స్థానం ఖాళీగా ఉందని నన్ను వేశారు. వద్దనలేదు. వద్దంటే ఎందుకని అడుగుతారు.

కొన్నాళ్ళకి ఉండబట్టలేక సైటు పెద్దకి అన్నీ చెప్పేశాను. మంచివాడే ఆ బెంగాలీ పెద్దన్న, దాదా అని పిలిచేవాళ్ళం. తలుపు వేసి, టీ తెప్పించి, మధ్యలో అడ్డు రాకుండా విన్నాడు.

"పూజకి అనుమతిచ్చింది నేను. పనిముట్లు దేవుడి దగ్గరున్నాయని కాగితం మీద రాస్తే ముందు నేను పోతాను, వెనకే నువ్వు పోతావు. ఒక ఇంట్లో ఇద్దరు మగాళ్ళూ కూర్చుంటే మీ అక్కకి ఏమైనా మేలా? మీ జామాయిబాబు చెయ్యి వెనక్కొస్తుందా?" అన్నాడు. తర్వాత మెల్లగా "ఛాడో భాయ్, ఛాడో" అన్నాడు. వదిలెయ్ అని.

ధైర్యం చేసి నిజం చెప్పినవాడికి శిక్ష పడుతుందనో, క్షమాపణ దొరుకుతుందనో అనుకుంటాం. నాకు టీ దొరికింది. ఆ నిజం ఎవరికీ అక్కర్లేదు. మరుసటి ఏడాది కూడా పూజ జరిగింది, మీటర్లు మళ్ళీ దేవుడి దగ్గర పేర్చారు. కాగితంలో లేని తప్పుని ఎవరు దిద్దుతారు? ఒక మీటరు నేను బలవంతంగా నా దగ్గర ఉంచుకున్నాను. కొత్తగా చేరినవాళ్ళకి మూడుసార్లు చూడమని చెబితే నవ్వుతారు. వాళ్ళనేమనగలను?

ఆ తర్వాత ఒక ఆదివారం వాట్‌గంజ్ వెళ్ళాను, బావకే చెప్పేద్దామని. అప్ప చేపల కోసం బజారుకెళ్ళింది. బావ చాప మీద కూర్చుని వెల్లుల్లిపాయ మోకాళ్ళ మధ్య ఇరికించుకుని ఎడమచేత్తో ఒలుస్తున్నాడు. క్రేను మోటారు విప్పి చుట్టిన మనిషికి ఒక్క రెబ్బ ఒలవడానికి ఎంతసేపు పడుతోందో చూస్తూ నిలబడ్డాను. సాయం చెయ్యబోతే వద్దన్నాడు.

"బావా, ఆ ఏడు నంబరు..." అన్నాను.

"తెలుసు" అన్నాడు, తలెత్తకుండానే.

నేను చాప అంచున కూర్చున్నాను.

"ఆస్పత్రిలో పడుకున్నప్పుడు తట్టినాది. ర్యాక్ తాళాల గుత్తి నువ్వు పేర్లెట్టిన రోజంతా నా జేబులోనే ఉన్నాది. నువ్వు అడగనేదు. తలుపు తీయకండా ఎనక నంబర్లెలాగ సూసినావు?"

"మరి ఆఫీసరుకెందుకు సెప్పలేదు బావా?"

"సెప్తే ఏటౌతాది? నిన్నూ తీసీసీవోలు." రెబ్బ జారి చాప మీద పడింది. వెతికి తీసుకున్నాడు. "నీమీద కోపం నేదనుకోకు. ఉన్నాది. పొద్దున్నే లుంగీ కట్టుకోనేక మీ అప్పని పిలిసినప్పుడల్లా వస్తాది. నిన్నీ గుమ్మంలో సూసినప్పుడల్లా వస్తాది. అది నా దగ్గరుంటాది, నువ్వేటీ సెయ్యక్కర్లేదు."

"అప్పకి సెప్పీస్తాను బావా. నానింక మొయ్యలేను."

అప్పుడు తలెత్తి చూశాడు. ఆ చూపులో కోపం కంటే భయం ఎక్కువుంది.

"సెప్పకు. నువ్వు సెప్పీసి తేలికైపోతావు, బరువు దానిమీద పడతాది. అమ్మా నేదు, నాన్నా నేడు. నానిలాగైపోనాను. రేపు నాకేటైనా అయితే అది ఎవురి గుమ్మంలోకెల్తాది? దానికి నువ్వొక్కడివేరా. అది కూడా నేకండా సెయ్యకు."

మళ్ళీ వెల్లుల్లి ఒలవడం మొదలుపెట్టాడు. క్షమించానని అనలేదు, అంటాడని నేనూ అనుకోలేదు. చెప్పుకోవడానికి వెళ్ళి, ఇక ఎప్పటికీ ఎవరికీ చెప్పుకోకూడదన్న మాట తీసుకుని కూర్చున్నాను.

అప్ప వచ్చింది. ఇలిస చేప దొరికిందని సంబరంగా చెప్పింది. వండి, ముగ్గురికీ వడ్డించి, బావ పక్కన కూర్చుని ఆయన ముక్కలో ముళ్ళు తీసి అన్నంలో కలిపి పెట్టింది. పెద్ద ముక్క నా కంచంలో వేసింది. బావకి వెయ్యమంటే వినలేదు.

"నువ్వు తిను. ఆ పూట నువ్వు మెయిను దించకపోతే ఈయన నాకు దక్కీవోడు కాదు" అంది. "మీ బావకి మొదట్నుంచీ తొందరెక్కువ, నానెప్పుడూ సెప్తాను. నువ్వు జాగర్తగా ఉన్నావు కాబట్టి బతికీసినాడు. పొద్దున్నే దేవుడికి దండం ఎట్టుకున్నప్పుడు ముందు నీ పేరే సెప్తానురా తమ్ముడూ."

ఆయనకా తొందర? పెట్టె చల్లారేదాకా గంటలకొద్దీ కూర్చునే మనిషికి? బావ కంచంలోంచి తలెత్తలేదు, కాదని అనలేదు. నాకు గొంతులో ముద్ద అడ్డం పడింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అప్ప కంగారుపడిపోయింది. ముల్లు గుచ్చుకుందనుకుంది. గబగబా ఉత్త అన్నం ముద్ద చేసి, చిన్నప్పటిలాగే తన చేత్తో నా నోట్లో పెట్టింది. నమలకుండా మింగమంది. మింగాను.

"దిగిందేటి?" అని అడిగింది నా వీపు రాస్తూ.

"దిగిందప్పా" అన్నాను.